కనిపెట్టువారును, కనిపెట్టజేయువారును



లోకమునకు సంవత్సరము జనవరి మొదటి తేదీన ప్రారంభమగును. మన తెలుగునాట ఉగాదినాడు ప్రారంభమగును. బడిపిల్లలకు జూన్ నెలలోను, సర్కారువారి లెక్కలకు ఏప్రిల్ నెలలోను క్రొత్త సంవత్సరము వచ్చును. క్రీస్తు సంఘమునకు మాత్రము సంవత్సరారంభము వేరుగా నున్నది. నవంబరు 30వ తేదీ అపొస్తలుడైన అంద్రెయ దినము. దానికి మిక్కిలి దగ్గరగా వచ్చు ఆదివారముతో సంఘ సంవత్సరము మొదలగుచున్నది. ఆ ఆదివారము నవంబరు 27వ తేదీకి ముందు రాదు, డిసెంబరు 3వ తేదీని దాటిపోదు. అది మొదలుకొని క్రిస్మస్ వరకు వచ్చు నాలుగు ఆదివారముల కాలమునే మనము ఆగమనకాలమనియు, అడ్వెంటు అనియు పిలుచుచున్నాము. అడ్వెంటు అను మాట లాటిన్ భాషనుండి వచ్చినది. వచ్చుట, రాకడ అని దాని అర్థము.

సంఘ సంవత్సరము ఎట్లు మొదలగుచున్నదో గమనించుడి. పొందినదానిని లెక్కించుకొనుటతో అది మొదలుకాలేదు. రాబోవువానికొరకు కనిపెట్టుటతో మొదలైనది. సంతోషముతో కాక మెలకువతో మొదలైనది. అందుచేతనే ఆ మొదటి ఆదివారమున అనేక సంఘములలో చదువబడు సువార్త పాఠము పశువుల తొట్టిని గూర్చినది కాదు. ప్రభువు మరల వచ్చు దినమును గూర్చియు, మెలకువగా నుండుటను గూర్చియు చెప్పు పాఠము అది. క్రిస్మస్ పాటలకు సిద్ధపడి వచ్చినవాడు ఆ పాఠము విని, అయ్యగారు పుస్తకములో పేజీ తప్పినారేమో అనుకొనును. పేజీ తప్పలేదు. తొట్టిలో పరుండిన శిశువును, మేఘములమీద వచ్చు న్యాయాధిపతియు ఒక్కడే. ఈ సంగతిని సంఘము సంవత్సరపు మొదటి దినముననే మన ముందు పెట్టుచున్నది.

అయితే మన పల్లెలలో ఈ కాలము ఎట్లు గడచిపోవుచున్నదో మనకందరికిని తెలియును. డిసెంబరు నెల వచ్చుసరికి గుడికి సున్నము వేయవలెను. నక్షత్రము కట్టవలెను. యౌవనస్థులు రాత్రివేళ ఇంటింటికి వెళ్లి పాటలు పాడవలెను. పిల్లలకు బట్టలు కుట్టించవలెను, చేతిలో డబ్బు లేనిచో అప్పు చేసియైనను కుట్టించవలెను. మైకుసెట్టు మాట్లాడవలెను, పందిరి వేయించవలెను. ఈ పనులలో చెడ్డది ఏదియు లేదు. ఎముకలు కొరుకు చలిలో పాడుకొనుచు వీధివెంబడి వచ్చు పిల్లలను చూచి సంతోషింపని క్రైస్తవుడు ఎవడు? ఆరాధన క్రమమును గట్టిగా పట్టుకొను కొందరు, క్రిస్మస్ రాకముందు క్రిస్మస్ పాటలు పాడరాదని చెప్పుదురు గాని, ఆ వాదము మేము పెట్టుకొనము. మేము చెప్పునది ఒక్కటే. ఈ సందడిలో నాలుగు ఆదివారములును క్రిస్మస్‌కు వాకిలిగా మారిపోయినవి. వాకిట ఎవరును కూర్చుండరు, దాటి లోపలికి వెళ్లుదురు.

దీనికి మరియొక కారణమును కలదు. మన తెలుగుదేశమునకు సువార్త ఒక్క మార్గమున రాలేదు. 1805లో లండన్ మిషనువారు విశాఖపట్టణమునకు వచ్చిరి. 1841లో చర్చి మిషనరీ సొసైటీవారు మచిలీపట్నమునకు వచ్చిరి. 1842లో లూథరన్ మిషనరీయైన హయ్యరుగారు గుంటూరునకు వచ్చిరి. నెల్లూరు ప్రాంతమున బాప్తిస్టులు పనిచేసిరి. ఆంగ్లికనులు, లూథరనులు సంఘ సంవత్సరపు దినములను ఆచరించుచు వచ్చిరి. తక్కినవారిలో అనేకులు, వాక్యములో ఆజ్ఞ లేని దినములను ఏల ఆచరింపవలెనని, వాటిని విడిచిపెట్టిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఈ రెండు విధములవారును ఒక్క గూటికి చేరిరి. కావున ఒక ఊరిలో ఆగమనకాలము తాతలనాటి అలవాటు, ప్రక్క ఊరిలో నేటికిని క్రొత్తమాట. ఆజ్ఞ లేదన్నవారి మాట నిజమే. ఈ కాలమును ఆచరించినవాడు పరిశుద్ధుడు కాడు, ఆచరింపనివాడు పాపియు కాడు. ఉపయోగమున్నదా లేదా అనునదే చూడవలెను.

పూర్వికులు దీనిని ఎట్లు ఆచరించిరో కొంచెము చెప్పుదుము. స్పెయిన్ దేశపు సరగోసా పట్టణమున 380వ సంవత్సరమున కూడిన సభవారు, డిసెంబరు 17 మొదలు జనవరి 6 వరకు ఎవడును గుడికి రాక మానరాదని నిర్ణయించిరి. తరువాతి శతాబ్దమున ఫ్రాన్సు దేశములో తూర్ పట్టణపు బిషప్పైన పెర్పెట్యువస్, నవంబరు 11న వచ్చు మార్టిన్ భక్తుని దినము మొదలు క్రిస్మస్ వరకు వారమునకు మూడు దినములు ఉపవాసముండవలెనని ఏర్పాటు చేసెను. అనగా అది మొదట విందుల కాలము కాదు, శ్రమకాలమువలె ఉపవాసముల కాలము. పశ్చిమ సంఘములలో నాలుగు ఆదివారముల లెక్క తరువాత స్థిరపడినది. ఇంగ్లండులో క్రాన్మరు 1549లో సిద్ధపరచిన ప్రార్థన పుస్తకమందు, మొదటి ఆదివారమునకు ఒక చిన్న ప్రార్థన వ్రాయబడెను. చీకటి క్రియలను విసర్జించి వెలుగు సంబంధమైన ఆయుధములు ధరించుటకు కృపనిమ్మని వేడు ప్రార్థన అది, రోమా 13వ అధ్యాయమును ఆధారము చేసికొన్నది. 1662 నాటి పుస్తకమునుబట్టి ఆ ప్రార్థనను క్రిస్మస్ ముందు దినమువరకు ప్రతిదినము చెప్పవలెను. వినువారికి విసుగు పుట్టునంతగా ఒక్క ప్రార్థననే తిరిగి తిరిగి చెప్పుమనుటలో వారి ఉద్దేశము స్పష్టమే గదా.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చెదము. కనిపెట్టుట అనగా నేమి?

నిజము చెప్పవలెనంటే, కనిపెట్టుటను మన పల్లె సంఘములకు ఎవరును నేర్పనక్కరలేదు. వారు పుట్టినది మొదలు చేయుచున్న పని అదియే. వానకొరకు కనిపెట్టుదురు. కాలువ నీటికొరకు కనిపెట్టుదురు. ఇంటి స్థలము పట్టా కొరకు, పింఛను కొరకు, ఆసుపత్రి వరండాలో డాక్టరుగారి పిలుపు కొరకు, కచేరి మెట్లమీద ఒక సంతకము కొరకు కనిపెట్టుదురు. పొలములో వంగి పనిచేసిన చేతులు సాయంకాలమున కామందు వాకిట కట్టుకొని నిలువబడును. "రేపు రా" అను రెండు మాటలు వినని కూలివాడు తెలుగునాట కలడా? అట్టివారి యెదుట పట్టణమునుండి వచ్చిన ప్రసంగీకుడు నిలిచి, సహోదరులారా, ఓపికతో కనిపెట్టుడి అని చెప్పి, భోజనము చేసి కారెక్కి వెళ్లిపోయినచో, ఆ మాట దేవుని మాటయా, కామందు మాటయా అని వారికి సందేహము కలిగిన తప్పేమి?

ఇది తేలికైన సందేహము కాదు. ఓర్పును బోధించుట సులభము, ముఖ్యముగా ఎదుటివాని ఓర్పువలన బోధించువానికే లాభము కలుగునప్పుడు. కాబట్టి ఆగమనకాలమున మనము బోధించు కనిపెట్టుట ఎట్టిదో వాక్యమునుబట్టి పరీక్షింపవలెను.

మొదట, అది ఊరక కూర్చుండుట కాదు. థెస్సలొనీకలో కొందరు ప్రభువు దినము వచ్చియేయున్నదని విని కలతపడిరి. పని మాని పరులజోలికి పోవుచున్నవారును ఆ సంఘములో నుండిరి. పౌలు వారిని మెచ్చుకొనలేదు. పనిచేయ నొల్లనివాడు భోజనమునకు కూర్చుండరాదని రెండవ పత్రికలో ఖండితముగా వ్రాసెను. లూకా 2వ అధ్యాయములోని అన్నను చూడుడి. ఎనుబది నాలుగేండ్ల విధవరాలు. ఆమె దేవాలయమును విడువక ఉపవాస ప్రార్థనలతో రాత్రింబగళ్లు సేవ చేయుచుండెను. శిశువును చూచిన తరువాతనైనను విశ్రాంతికి ఇంటికి పోలేదు. తనవలె విమోచనకొరకు కనిపెట్టుచున్నవారందరితో ఆయననుగూర్చి మాటలాడుచుండెను. ముసలితనమున ఒక మూల కూర్చుండి ప్రాణము పోవు గడియకై చూచుచున్న స్త్రీ కాదు ఆమె.

కాని మేము ఎక్కువగా తలంచునది మత్తయి 24వ అధ్యాయము చివర ప్రభువు చెప్పిన ఇద్దరు దాసులను గూర్చి. ఈ భాగమును మనము తరచుగా చదువుదుము గాని, అందులోని నేరమేదో సరిగా చూడము. యజమానుడు దూరమునకు వెళ్లుచు తన యింటివారిమీద ఒక దాసుని నియమించెను. ఎందుకు? ద్వారమువైపు చూచుచు కూర్చుండుటకు కాదు. ఇంటివారికి వేళకు అన్నము పెట్టుటకు. అదియే అతనికి అప్పగింపబడిన పని. నమ్మకమైన దాసుడనగా యజమానుడు వచ్చు గడియను లెక్కకట్టి చెప్పినవాడు కాదు, వేళకు అన్నము పెట్టినవాడు. చెడ్డ దాసుడనగా ఎవడు? యజమానుడు ఆలస్యము చేయుచున్నాడని మనస్సులో అనుకొని, తోటి దాసులను కొట్టసాగినవాడు. ప్రభువు రాకడను గూర్చి అతని విశ్వాసము సడలిన సంగతి ఎక్కడ బయటపడినది? తన ప్రార్థనలో కాదు, తోటివారి వీపుమీద. అతని క్రిందనున్నవారు ఆకలితో కూర్చుండిరి. యజమానుడు ఆలస్యము చేయుచున్నాడనుకొన్నవాడు తానే ఇతరులకు ఆలస్యము చేసెను.

ఇది చదివిన తరువాత మా ప్రశ్న మారినది. ప్రభువుకొరకు మనము ఎట్లు కనిపెట్టుచున్నాము అని మాత్రమే అడిగిన చాలదు. మనకొరకు ఎవరు కనిపెట్టుచున్నారు? ఎవరికి అందవలసినది మన చేతిలో ఆగియున్నది?

మోషే ధర్మశాస్త్రము ఈ విషయమున మొగమాటము లేకుండ మాటలాడుచున్నది. కూలివాని కూలి రాత్రి గడచి ఉదయమగువరకు నీయొద్ద ఉండరాదని లేవీయకాండము 19:13 చెప్పుచున్నది. ద్వితీయోపదేశకాండము 24:15 ఇంకను దగ్గరకు వచ్చి, ప్రొద్దు క్రుంకకమునుపే ఇయ్యవలెననుచున్నది. కారణమును చెప్పుచున్నది. అతడు బీదవాడు గనుక దానిమీదనే మనస్సు పెట్టుకొనియున్నాడు. ధర్మశాస్త్రము కూలి డబ్బును మాత్రమే చూడలేదు, దానికొరకు ఎదురుచూచు మనస్సును చూచినది. అట్టివాడు నిన్నుగూర్చి యెహోవాకు మొఱ్ఱపెట్టునేమో అని హెచ్చరించుచున్నది. ప్రభువు చెప్పిన ద్రాక్షతోట యజమానుడును ఈ ధర్మమునే అనుసరించెను. సాయంకాలమైనప్పుడు అతడు తన గృహనిర్వాహకుని పిలిచి, పనివారిని పిలువుము, కూలి ఇమ్ము అనెను. అందరికిని సమానముగా ఇచ్చెనని మనము ఆశ్చర్యపడుదుము గాని, ఆ సాయంకాలమే ఇచ్చెనను సంగతి దాటిపోవుదుము. మన దేశములో 2005లో పార్లమెంటు చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము కూలిని వారము వారము ఇయ్యవలెననియు, ఎట్లైనను పక్షము దినములు మించరాదనియు వ్రాసినది. ఆ పనికి వెళ్లినవారిలో ఎందరు ఎన్ని నెలలు కనిపెట్టిరో మన సంఘములలోనే విచారింపవచ్చును. మోషే ఇచ్చిన గడువు ఒక్క ప్రొద్దు.

ఇచ్చట ఒక విచిత్రమైన సంగతి చెప్పవలసియున్నది. మూడు సంవత్సరముల పాఠక్రమమును అనుసరించు సంఘములలో, ఆగమనకాలపు మూడవ ఆదివారమున మొదటి సంవత్సరమందు యాకోబు పత్రిక 5వ అధ్యాయము 7వ వచనమునుండి 10 వరకు చదువుదురు. సేద్యగాడు తొలకరి వానకును కడవరి వానకును ఓపికతో కనిపెట్టునట్లు, మీరును ప్రభువు రాకడవరకు ఓపిక కలిగియుండుడని బోధించు భాగమది. మన రైతులకు ఇంతకంటె దగ్గరి మాట మరియొకటి లేదు. అయితే ఆ 7వ వచనము 'కాబట్టి' అనుచు మొదలగుచున్నది. దేనినిబట్టి 'కాబట్టి'? వెనుకకు తిరిగి 4వ వచనము చూచినచో, చేలు కోసిన పనివారికి ఇయ్యక మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నదనియు, ఆ కోతవారి కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చియున్నవనియు ఉన్నది. యాకోబు మొదట కూలి ఎగవేసినవారిని గద్దించెను. ఆ తరువాతనే, ఆ అన్యాయమును సహించుచున్నవారితో ఓపిక మాట చెప్పెను. మనము మొదటిదానిని విడిచి రెండవదానిని చదువుచున్నాము.

ఇట్టిదే మరియొకటి కలదు. ఆ క్రమములోనే మూడవ సంవత్సరపు రెండవ ఆదివారమున మలాకీ 3వ అధ్యాయము మొదటి నాలుగు వచనములు చదువుదురు. ప్రభువునకు ముందుగా మార్గము సిద్ధపరచు దూతను గూర్చియు, వెండిని శోధించు అగ్నివలె వచ్చువానిని గూర్చియు అందులో నున్నది. పాఠము 4వ వచనముతో ఆగును. 5వ వచనములో, వచ్చువాడు ఎవరిమీద సాక్ష్యము చెప్పునో తెలుపబడినది. మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణము చేయువారు, వారితోకూడ కూలివాని కూలి విషయమున బాధపెట్టువారు, విధవరాండ్రను తండ్రిలేనివారిని అణచువారు. పాఠములను ఏర్పరచినవారు కావలెనని ఈ వచనములు తప్పించిరని మేము అనము. పాఠము పొడుగు కాకుండ ఎక్కడనో ఒకచోట ఆపవలెను గదా. కాని మన కాపరులును, పీఠమునొద్ద పాఠము చదువు యౌవనస్థులును ఈ సంవత్సరము ఒక్క వచనము ముందుకును, రెండు మూడు వచనములు వెనుకకును చదివినచో ఏ నష్టమును లేదు.

కొందరు రైతు సహోదరులు మాకు ఇట్లు బదులు చెప్పుదురని ఎరుగుదుము. అయ్యా, డిసెంబరు మాసూళ్ల కాలము. కోతలైనవి, ధాన్యము కొనుగోలు కేంద్రమునకు తోలితిమి. తేమ యెక్కువయున్నదని మొదట ఆపిరి, తరువాత తీసికొనిరి, డబ్బు మాత్రము ఇంకను చేతికి రాలేదు. మాకే రానిది మేము కూలివారికి ఎక్కడనుండి తెచ్చి ఇయ్యగలము? మేమును కనిపెట్టువారమే గదా?

ఈ మాటలో న్యాయమున్నది. కౌలు కట్టి, ఎరువులకు వడ్డీ కట్టి, తుపాను గాలికి పడిపోయిన పైరును చూచి ఏడ్చిన చిన్న రైతును, యాకోబు గద్దించిన ధనవంతునితో సమానము చేయుట అన్యాయము. వాక్యమే ఈ భేదమును చూపుచున్నది. సామెతలు 3:27, 28 వచనములలో, మేలు చేయుట నీ చేతనైనప్పుడు దానిని పొందదగినవానికి చేయక వెనుదీయకుమనియు, ద్రవ్యము నీయొద్ద నుండగా పొరుగువానితో పోయి రేపు రమ్మని చెప్పవద్దనియు ఉన్నది. నీయొద్ద నుండగా అను మాట చూడుడి. సొలొమోను మన 'రేపు రా'ను ఎరిగియుండెను. లేనివాడు రేపు రమ్మనుట దౌర్భాగ్యము, ఉన్నవాడు రేపు రమ్మనుట దొంగతనము. ఈ రెంటిలో తనది ఏదో ప్రతివాడును తన మనస్సాక్షిలో ఎరుగును. పెట్టెలో డబ్బు పెట్టుకొని, క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదికి బట్టలు కొని, పాలేరుతో మాత్రము ధాన్యము డబ్బు రాలేదని చెప్పువాడు ఎవరిని మోసము చేయుచున్నాడు?

నిజముగా లేనివాడు సహితము చేయదగినది కలదు. ఉన్నదానిలో కొంత ఇయ్యవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఉన్న సంగతి చెప్పవచ్చును. వాకిట నిలువబడినవానిని అరుగుమీద కూర్చుండబెట్టి, అన్నా, నా డబ్బు ఇంకను రాలేదు, ఫలాని దినమున వచ్చునన్నారు, వచ్చిన రోజే నీ ఇంటికి నేనే తెచ్చెదను అని చెప్పినచో, అతని చేతికి రూపాయి అందకపోయినను అతడు మనిషిగా ఇంటికి పోవును. ఏ కబురును లేకుండ నిలువబెట్టుటయే కనిపెట్టుటలోని బాధ. జర్మనీ దేశపు బోధకుడైన బాన్‌హోఫర్ 1943 ఏప్రిల్‌లో పట్టబడి, బెర్లినులోని టేగెల్ చెరసాలలో నుంచబడెను. ఆ సంవత్సరము నవంబరులో ఆయన ఒక స్నేహితునికి జాబు వ్రాయుచు, చెరసాల గదిని ఆగమనకాలముతో పోల్చెను. లోపలనున్నవాడు నిరీక్షించును, ఏదియో ఒక చిన్నపని చేసికొనుచుండును గాని, తలుపు బయటనుండియే తీయబడవలెనని ఆయన భావము. 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీసిరి. మన రక్షణ విషయమున ఈ పోలిక సత్యమే. పాపముచేత మూయబడిన తలుపును మనము లోపలినుండి తీసికొనలేము, వచ్చువాడే తీయవలెను. కాని పల్లెలో చూచినచో, ఎన్నో తలుపులకు గడియ మనవైపుననే యున్నది. లోపల మరియొకడు కూర్చుండియున్నాడు.

తలుపులు అన్నియు కూలికి సంబంధించినవి కావు. పొలము గట్టు దగ్గర మాట పడి ఆరు సంవత్సరములనుండి మాటలాడని అన్నదమ్ములు ఒక్క గుడిలో రెండు ప్రక్కల కూర్చుందురు. ఎవడు ముందు పలుకరించునా అని ఇద్దరును కనిపెట్టుదురు. హైదరాబాదులోనో గల్ఫులోనో నున్న కుమారుని మాట వినుటకు తల్లి రాత్రి భోజనమైన తరువాత ఫోను ప్రక్కన పెట్టుకొని కూర్చుండును. వీటికి ఖర్చు ఏమున్నది?

యోర్దాను ఒడ్డున బాప్తిస్మమిచ్చు యోహాను బోధ విని, జనులు, మేము ఏమి చేయవలెనని అడిగిరి. లూకా 3వ అధ్యాయములో ఈ ప్రశ్న మూడుసార్లు వచ్చినది. రాకడకు ముందుగా పంపబడిన ప్రవక్త, ఒంటె రోమముల వస్త్రము కట్టినవాడు, అరణ్యవాసి. అతడు వారిని, మీరును నాతో అరణ్యమునకు వచ్చి మిడతలు తినుడని చెప్పునని మనము అనుకొందుము. అతడు అట్లు చెప్పలేదు. రెండు అంగీలు గలవాడు లేనివానికి ఒకటి ఇయ్యవలెను, ఆహారము గలవాడును అట్లే చేయవలెను అనెను. సుంకరులతో, నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దనెను. సైనికులతో, ఎవరిని బాధపెట్టవద్దు, అపనింద వేయవద్దు, మీ జీతముతో తృప్తిపొందుడి అనెను. ఎవని ఉద్యోగమును మానిపింపలేదు. ఎవని చేతిలో ఏది యున్నదో దానిని గూర్చియే చెప్పెను. అంగీ గలవానితో అంగీ మాట, లెక్క పుస్తకము గలవానితో లెక్క మాట, బల్లెము గలవానితో బల్లెము మాట. ప్రభువు మార్గమును సరాళము చేయుట ఇంత దగ్గరి పని.

ఆగమనకాలపు దీపములను గూర్చి ఒక మాట చెప్పవలెను. పచ్చని ఆకుల చక్రములో నాలుగు క్రొవ్వొత్తులు పెట్టి, ఆదివారమునకు ఒకటి చొప్పున వెలిగించు ఆచారము ఇప్పుడు మన పట్టణపు గుడులలో కనబడుచున్నది. అది ధనవంతుల గుడిలో పుట్టిన అలంకారము కాదు. జర్మనీలో హాంబర్గు పట్టణమువద్ద, యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్ అను బోధకుడు దిక్కులేని పిల్లలకొరకు 1833లో ఒక గృహము స్థాపించెను. ఆ పిల్లలు, క్రిస్మస్ ఎప్పుడు వచ్చును, ఎప్పుడు వచ్చును అని విడువక అడుగుచుండిరి. 1839లో ఆయన ఒక బండిచక్రము తీసికొని దానిమీద ఇరువది చిన్న ఎఱ్ఱ క్రొవ్వొత్తులును, నాలుగు పెద్ద తెల్ల క్రొవ్వొత్తులును నిలిపెను. వారపు దినములకు చిన్నవి, ఆదివారములకు పెద్దవి. దినమునకు ఒకటి వెలిగించుచు, ఇంకను ఎన్ని దినములున్నవో పిల్లలే లెక్కపెట్టుకొనునట్లు చేసెను. ఆ సంవత్సరము ఆగమనపు మొదటి ఆదివారము డిసెంబరు 1న వచ్చెను గనుక లెక్క సరిగా ఇరువది నాలుగు. ఊరుకొనుడని ఆ పిల్లలను ఆయన కసరలేదు, ఓపిక పట్టుడని ప్రసంగము చేయలేదు. వారు కనిపెట్టవలసిన దినములను వారి కన్నుల యెదుట పెట్టి, ఒక్కొక్క దినమునకు కొంత వెలుగునిచ్చెను. బండిచక్రములు మన ఊళ్లలోనైనను ట్రాక్టరులు వచ్చిన తరువాత పాకలలో మూలబడియున్నవి. ఒకటి తెచ్చి కడిగి, మామిడి ఆకులు చుట్టి గుడిలో పెట్టుకొనవచ్చును. బజారులో కొనవలసినది క్రొవ్వొత్తులు మాత్రమే.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఆగమనకాలపు మొదటి ఆదివారము ఆరాధన అయిన తరువాత, కమిటీవారు కూర్చుండి క్రిస్మస్ ఖర్చు అంచనా వేయుట చాలచోట్ల వాడుక. ఆ దినమున క్రొత్త అంచనాకు ముందు కోశాధికారి పాత పుస్తకము తెరచి, గత క్రిస్మస్ పద్దులలో ఇంకను ఎవరికి బాకీయున్నదో బిగ్గరగా చదువవలెను. మైకుసెట్టు తెచ్చిన కుఱ్ఱవాడు ఈస్టరువరకు తిరిగి తిరిగి మానివేసిన ఊళ్లు కలవు. అతడు మన సంఘమువాడు కాకపోవచ్చును, క్రైస్తవుడే కాకపోవచ్చును. క్రీస్తు జన్మదినపు డబ్బు క్రైస్తవులు ఎగవేసిరని అతడు ప్రక్క ఊరిలో చెప్పుకొనుచున్నాడేమో. పందిరి వేసినవాడు, వంటకు కట్టెలు తోలినవాడు, గుడి ఊడ్చు ముసలమ్మకు ఇచ్చెదమన్న చీర, ఉపదేశిగారికి ఆగిపోయిన రెండు నెలల జీతము, ఇవన్నియు పేరు పేరున చదివి, తీర్చగలిగినవి ఆనాటి సాయంకాలములోగా తీర్చి, తీర్చలేనివారి ఇంటికి ఇద్దరు పెద్దలు నడచి వెళ్లి, ఎప్పుడు ఇచ్చెదరో తేదీ చెప్పి రావలెను. ఈ సంవత్సరపు నక్షత్రమునకు చందా పుస్తకము మరునాడు త్రిప్పవచ్చును.